పళ్లెంలో పడవ

చేయవలసిన పనులు ఇవి:

నాగకేసర ద్వీపం చేరాలి.
ఆ ద్వీపపు నడికొండ మీద వెన్నెలతీగను ఇనుము తగలకుండా మూరెడు తుంచాలి.
తుంచిన తీగను తేనెలో ముంచి ఉంచాలి.
దారిలో ఏ రేవులోనూ దిగకూడదు.
నిండు పున్నమి లోపల తిరిగి రావాలి.
ఓడ మీదున్న ఉప్పు వర్తకుడు అసలు ఎవరో ఎవరికీ తెలియనివ్వకూడదు.
ఎవరినీ నమ్మకూడదు.

ఈ ఏడు పనులనూ రత్నకూట రాజ్యపు మహామంత్రి స్వయంగా తాటాకు మీద గీసి, ‘నీలవేణి’ ఓడకు చుక్కాని పట్టే గంగులు చేతిలో పెట్టాడు. గంగులు ఆ ఆకును పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చదువుకునేవాడు. మరచిపోతాడని కాదు. వలలు అల్లుకుని బతికే వాళ్ల వంశంలో అక్షరాలు వచ్చిన మొదటివాడు అతనే. రేవులోని ఓడల బడిలో ఆరేళ్లు చదివి, ఒజ్జల చేత శభాష్ అనిపించుకుని బయటికి వచ్చాడు. చేతికిచ్చిన ఆకును చదవకుండా మడిచిపెట్టడమంటే అతని దృష్టిలో వడ్డించిన విస్తరిని తోసేయడమే.

పైగా పని అలాంటిది. రత్నకూట రాకుమారి మందారవల్లిని కరాళజిహ్వుడనే మాంత్రికుడు శపించాడు. ఆ పిల్ల పాదాల నుంచి మొదలై రోజుకు నాలుగు వేళ్ల మేర రాయిగా మారిపోతోంది. ఓడ రేవు దాటిన నాటికి రాయి మోకాళ్లు దాటింది. పున్నమి నాటికి గుండెను తాకుతుంది. ఆ తరువాత వెన్నెలతీగ కాదు, అమృతమే తెచ్చినా లాభం లేదు. అందుకే ఆమె అన్న, రాకుమారుడు చిత్రరథుడు, కిరీటం తీసి పెట్టెలో పెట్టి, తలపాగా చుట్టి, చెవిలో పుల్ల దోపుకుని, ఉప్పు వర్తకుడి వేషంలో బయలుదేరాడు. కరాళజిహ్వుడికి నిజానికి కావలసింది చెల్లెలు కాదు, అన్న. రాచబిడ్డను ప్రాణాలతో పట్టి తెచ్చి నల్లదీవిలో తన క్షుద్రదేవతకు బలి ఇవ్వాలని వాడి పంతం. చెల్లెలి శాపం ఎర మాత్రమే. ఈ సంగతి ఓడ మీద ముగ్గురికే తెలుసు: రాకుమారుడికి, గంగులుకు, తీగను మందుగా నూరడానికి వెంట వచ్చిన ఆస్థాన వైద్యుడు శీతలాచార్యులకు.

నాలుగో రోజు ఉదయం సముద్రం చూడముచ్చటగా ఉంది. ఆకాశం నిండా నాలుగు రోజులుగా వీడని పలచని మబ్బు, చాకిరేవులో ఆరేసిన ఉల్లిపొర చీరలా పరుచుకుంది. ఆ మబ్బు వెనక సూర్యుడు ఎక్కడున్నాడో తెలియడం లేదు గాని, ముత్యపుచిప్ప లోపలి కాంతి లాంటి వెలుగు నీళ్లన్నిటి మీదా సమంగా పడుతోంది. అలలు లేవు. నీలం పట్టు మీద వేలితో రాసినట్టు సన్నని ముడతలు మాత్రం ఓడ ముందు విడిపోయి వెనక కలుస్తున్నాయి. మూడు తెరచాపలూ నిండు గర్భిణుల్లా ఉబ్బి ఉన్నాయి. గాలి వెనక నుంచే, సరిగ్గా వెనక నుంచే, నాలుగు రోజులుగా ఒక్క తీరున వీస్తోంది. మత్స్యయంత్రంలో, అంటే నూనె గిన్నెలో తేలుతూ ఎప్పుడూ ఉత్తరం చూపే ఇనుప చేప ఉన్న పెట్టెలో, చేప ముక్కు చూపవలసిన చోటే చూపుతోంది.

గంగులు రోజూ ప్రయాణపు లెక్క రాసుకునే ఆకు మీద ఆ రోజు ఇలా గీశాడు: ‘గాలి అనుకూలం. చుక్కాని ముట్టలేదు. పళ్లెంలో పడవ.’

మెట్టసీమల వాళ్లు సులువైన పనిని నల్లేరు మీద బండి నడక అంటారు గదా, రత్నకూటపు రేవు జనం దాన్నే పళ్లెంలో పడవ అంటారు. పెళ్లి చక్కగా జరిగినా పళ్లెంలో పడవే, కాన్పు తేలికగా అయినా పళ్లెంలో పడవే. ఓడల బడిలో పరీక్ష నెగ్గిన రోజున ఒజ్జ గంగులు వీపు తట్టి అన్నదీ ఆ మాటే. అందుకని గంగులుకు అదంటే ప్రత్యేకమైన ప్రీతి.

“ఏటి నాయనా, మూడు దినాలైంది నీ సెయ్యి సుక్కానికి తగిలి. సేతికి పుండేటైనా లేసిందేటి?”

అన్నది నూకాలమ్మ. ఓడ ముక్కు దగ్గర కూర్చుని గుండుతాడు వేసే ముసలామె. తాడు కొసన సీసపు గుండు, గుండు అడుగున మైనం ముద్ద. గుండు నేల తాకితే ఎన్ని బారల లోతో తాడు చెబుతుంది. ఆ నేల ఎలాంటిదో మైనానికి అంటుకుని వచ్చిన మట్టి చెబుతుంది. డెబ్బై ఏళ్ల మనిషి. మోచేతుల దాకా ఉప్పు మరకలు. చూపు మాత్రం గద్దది.

“పని పడలేదు మామ్మా. పళ్లెంలో పడవలా పోతోంది గదా!” అన్నాడు గంగులు.

ముసలామె తూ అని నీళ్లలో ఉమ్మింది. “ఆ మాట నా ముందర అనకు.”

తెరచాప తాళ్లు లాగే దానయ్య పకపకా నవ్వాడు. దానయ్యది ఏనుగు ఒళ్లు, చిలుక నోరు. “మామ్మకి సుకం సరిపడదురా గంగులూ! తుపాను లేకపోతే ముద్ద దిగదు ఆవిడకి. మా అత్తా అంతే, దెబ్బలాట లేని పూట ఆకలి నేదంటది!”

“నీ అత్త ఆకలి నీ ఒళ్లు సూస్తే తెలుస్తంది. ఆవిడ ముద్ద కూడా నువ్వే తింతన్నావు,” అని నూకాలమ్మ మళ్లీ గుండు విసిరింది.

గంగులు నవ్వాడు గాని, మనసులో ఒక ముల్లు గుచ్చుకుంది. అసలు ఈ ముసలామె ఎవరు? ఓడ బయలుదేరే పొద్దున పాత గుండుతాడు మనిషికి ఉన్నట్టుండి జ్వరం తగిలింది. అదే ఘడియలో ఈమె గట్టున ప్రత్యక్షమై, నేను వస్తానంది. ఎవరు పంపారో తెలియదు. నడిసముద్రంలో, వంద బారలు వదిలినా నేల తగలదని బడిలో చెప్పిన చోట, రోజుకు పదిసార్లు గుండు వేస్తోంది ఎందుకు? మైనానికి అంటినదేదో గోటితో గీకి, నాలుక మీద పెట్టుకుని, ఎవరికీ చూపకుండా కొంగున ముడి వేసుకుంటోంది ఎందుకు?

‘ఎవరినీ నమ్మకూడదు.’ ఏడో పని.

గంగులు మెట్లు దిగి, ఉప్పు బస్తాల మధ్య కూర్చున్న రాకుమారుడి చెవిలో ఈ సంగతంతా చెప్పాడు. చిత్రరథుడు వీరుడే. పులి కనబడితే బాణం, శత్రువు కనబడితే కత్తి, అంతే అతనికి తెలుసు. కూర్చుని ఆలోచించడం అతనికి తలనొప్పి.

“అయితే ఆమె కరాళజిహ్వుడి మనిషే!” అని లేచాడు.

పక్క గది తలుపు కిర్రుమంది. శీతలాచార్యులు తల బయట పెట్టాడు. తెల్లని గడ్డం, నుదుట నిలువు నామం, చేతిలో గుడ్డ కప్పిన పెద్ద కంచు పళ్లెం, చుక్క తొణకకుండా. మూడు పూటలా కషాయం తాగుతాడు. తాగే ముందు తలుపు వేసుకుని ఘడియసేపు దాన్ని ఊది ఊది చల్లారుస్తాడు. ఆ ఊదుడు ఓడంతా వినిపించేది. ఆచార్యులవారికి చలవ శరీరమని దానయ్య వేళాకోళం చేసేవాడు.

“క్షమించాలి ప్రభూ, చెవిన పడింది,” అన్నాడు మెల్లగా. “నాకు మొదటి నుంచీ అనుమానమే. మట్టి తినే స్త్రీ శాకినీ సాధకురాలై ఉంటుందని శాస్త్రం. ఆమె ఆ గుండుతో జలభూతాలకు కబురు పంపుతున్నది. ఉపేక్షిస్తే రాకుమారి ప్రాణాలకే ముప్పు.”

ఆ చివరి మాట చిత్రరథుణ్ని నిప్పులా అంటుకుంది. “గంగులూ! పొద్దు నడినెత్తికి వచ్చే లోపల ఆ ముసలిదాన్ని చిన్న తెప్ప ఎక్కించి వదిలెయ్. రెండు కుండల నీళ్లు, మూటెడు అటుకులు ఇవ్వు. అది మన ధర్మం. ఆ తరువాత దాని రాత.”

“చిత్తం,” అన్నాడు గంగులు. చెప్పిన పని చెప్పినట్టు చేయడం అతనికి అలవాటు.

అయినా మెట్లెక్కుతుంటే ఒక చిన్న సంగతి కాలికి అడ్డం పడింది. ఆచార్యులు గుడ్డ కప్పి పట్టుకున్న పళ్లెం. కషాయం వాసన రాలేదు. ఆవిరీ లేదు. ఘడియసేపు ఊదవలసినంత వేడి కషాయానికి ఆవిరి ఉండదా? పైగా కషాయం ఎవరైనా గిన్నెలో తాగుతారు గాని పళ్లెంలో తాగుతారా?

గంగులు తెప్ప దింపుతుంటే నూకాలమ్మ కంగారు పడలేదు. అటుకుల మూట తూచి చూసింది. “ఇదేటి, ఇద్దరికి సరిపడతాయి. నువ్వూ వస్తన్నావేటి?”

“మామ్మా, నీ కొంగులో ఏముంది?”

“అడిగినావు గదా, ఇప్పటికి!” అని ఆమె ముడి విప్పింది. నాలుగు చిన్న ఉండలు. నాలుగూ నల్లటి బురద. “సూడు. మొన్న తొంభై బారల్లో దొరికింది. నిన్న అరవై. ఇయ్యాల పొద్దుట ముప్పై. ఇప్పుడే ఇరవై నాలుగు. వాసన సూడు.”

కుళ్లిన గుడ్డు వాసన. గంధకం.

“నాగకేసరం దారిలో తెల్ల ఇసుక తగలాల, అందులో గవ్వ పొడి ఉండాల. ఈ నల్ల బురద నల్లదీవి సుట్టూ తప్ప ఈ సముద్రంలో మరెక్కడా నేదు. నా పెనిమిటి ఆడ పోయాడు. ఆడి తెప్పకి అంటిన బురద ముప్పై ఏళ్లు దాచుకున్నాను, ఈ వాసన నాకు తెల్దా?”

“ముందే ఎందుకు చెప్పలేదు?”

“ఎవురికి సెప్పను? ఓడలో ఎవుడో ఒకడు మనల్ని అటు తోల్తన్నాడు. ఆడెవుడో తెలీకుండా నోరిప్పితే, ఆ నోరు ఆడి సెవిలోనే పడొచ్చు. నువ్వే అనుకున్నాను కొన్నాళ్లు. సుక్కాని నీ కాడే గదా ఉంది!”

గంగులుకు ముఖం మాడిపోయింది. తాను ఆమెను అనుమానిస్తూ నాలుగు రోజులు గడిపాడు. ఆమె తనను అనుమానిస్తూ నాలుగు రోజులు గడిపింది. ఇద్దరి మధ్య అసలు దొంగ హాయిగా ఉన్నాడు.

“కాని మామ్మా, చేప అబద్ధం చెప్పదు గదా. గాలి కూడా...”

“గాలి! ఒరే, మీ బడిలో పళ్లెంలో పడవ అన్న మాట ఎందుకొచ్చిందో సెప్పినారా?”

“సులువైన ప్రయాణమని...”

“సగమే సెప్పినారు. ఇను. ఎనకటికి మెట్టసీమ రాజొకడు, సముద్రం మొహం సూడనోడు, తన కొడుక్కి ఓడ నడపడం నేర్పమని మన ఒజ్జని పిలిపించాడు. అక్కడ సముద్రమేదీ? ఒజ్జ ఒక కంచు పళ్లెంలో నీళ్లు పోసి, పోకదొప్పతో గోరంత పడవ సేసి అందులో వదిలాడు. ఇది తూరుపు, ఇది పడమర, గాలి ఇలా వత్తాది అని నేర్పుతంటే, ఆ రాజు కొడుకు ఉఫ్ అని ఊదాడు. పడవ రెప్పపాటులో ఈ అంచు నుంచి ఆ అంచుకి ఎల్లిపోనాది. ‘సముద్రమంటే ఇంతేనా!’ అని నవ్వి, మర్నాడే నలబై ఓడలు కట్టించమన్నాడు. అప్పుడు ఒజ్జ అన్నాడంట: బాబూ, పళ్లెంలో పడవ సులువుగానే పోద్ది, ఊదే నోరు నీదైతే.”

“ఆ నలభై ఓడలూ?”

“ఒక్కటీ తిరిగి రానేదు. రాజుగారి కొలువులో ఉన్నోళ్లకి మొదటి ముక్క ముద్దొచ్చింది, అదే వాడుకున్నారు. రెండో ముక్క మా బోటి మొగుళ్లు పోయిన ఆడోళ్ల దగ్గర ఉండిపోనాది. పడవ మరీ సులువుగా పోతంటే సముద్రాన్ని సూడకు నాయనా, ఊదేదెవుడో సూడు. నమ్మకం నేకపోతే ఎల్లి సుక్కాని తిప్పు.”

గంగులు పరుగున వెళ్లి చుక్కాని పట్టుకుని ఎడమకు నెట్టాడు. మొత్తం బలం పెట్టి చివరికంటా నెట్టాడు. చుక్కాని తిరిగింది. ఓడ తిరగలేదు. గడ్డిపోచంత కూడా తిరగలేదు. కుడికి తిప్పాడు. అదే నడక. అతని చేతిలోని కర్ర, నాలుగు రోజులుగా, పిల్లలు ఆడుకునే కొమ్మకు సమానం.

అప్పుడు వినిపించింది. కింద గదిలోంచి, తెరలు తెరలుగా: ఉఫ్... ఉఫ్... ఉఫ్... ప్రతి ఊదుకూ తెరచాప ఒక్క పిసరు ఉబ్బుతోంది.

గంగులు చుక్కాని వదిలి ముసలామె దగ్గరికి పరుగెత్తాడు. “మామ్మా, ఆచార్యులు!”

“మెల్లగా మాట్టాడు. ఎట్టా తేల్చుకుందాం? ఉట్టినే ఎల్లి పట్టుకుంటే ఆ మీసాల సెట్టి మనల్నే నరుకుతాడు.” ఆ మీసాల సెట్టి రాజకుమారుడన్న సంగతి ఆమెకు తెలియదు. తెలిసినా ఆమె మాట తీరు మారేది కాదు. కొంచెం ఆలోచించి, ఓడ మధ్యకు నడిచి గొంతెత్తింది: “ఒలే, అందరూ రండి! సగం దారి దాటినాం! గంగమ్మ పిండి!”

గంగమ్మ పిండి రత్నకూటపు ఓడలన్నిటి మీదా ఉన్న ఆచారం. సగం దారి దాటాక ఓడ మీదున్న ప్రతివాడూ పిడికెడు పేలపిండి పొడిగానే నోట్లో పోసుకుని, చేతులు జోడించి, అది కరిగి గొంతు దిగేదాకా నోరు విప్పకుండా నిలబడాలి. రాజైనా సరే, బంటైనా సరే. ఉమ్మినా, మాట్లాడినా, పిండి వద్దన్నా వాణ్ని తాడు కట్టి మూడు మునకలు వేయిస్తారు. ఇందులో మొహమాటాలు లేవు.

పదిహేను మంది నావికులూ చేరారు. చిత్రరథుడు కోపంగా వచ్చాడు. తెప్ప ఖాళీగా ఉండడం చూసి నోరు తెరవబోతే గంగులు అతని చేతిని గట్టిగా నొక్కి, “ప్రభూ, ఒక్క పిడికెడు పిండి సేపు నన్ను నమ్మండి. తరువాత నా తల తీసుకోండి,” అని గుసగుసలాడాడు. ఏడో పనిని అతను మీరడం, మీరమని మరొకర్ని అడగడం అదే మొదటిసారి.

ఆచార్యులు మాత్రం రాలేదు. దానయ్య వెళ్లి తలుపు కొట్టాడు.

“నాకు పథ్యం నాయనా!” అని లోపలి నుంచి.

“పథ్యమోళ్లకి మునకలు కూడా చలవేనండి ఆచారులుగారూ! తాడు తెమ్మంటారా, పిండి తెమ్మంటారా?”

నావికులు ఘొల్లుమన్నారు. ముసలి వైద్యుడు పళ్లు కొరుకుతూ బయటికి వచ్చి, ముక్కుపొడుము తీసుకున్నట్టు రెండు వేళ్లతో చిటికెడు తీసుకున్నాడు. “అయ్యయ్యో, గంగమ్మకి చిన్నతనం!” అని దానయ్య తన ఏనుగు పిడికిలి నిండా పిండి తీసి ఆయన నోట్లో కూరేశాడు.

అందరి నోళ్లూ నిండాయి. అందరూ చేతులు జోడించారు.

ముందు పెద్ద తెరచాప కొస వంగింది. తరువాత అది మెల్లగా, అలసిపోయిన మనిషి చెయ్యిలా, కర్ర పక్కన వేలాడింది. రెండోది. మూడోది. నాలుగు రోజులుగా ఒక్క క్షణం ఆగని గాలి ఆగిపోయింది. నీలవేణి నీళ్ల మధ్య నిలిచిపోయింది. పదిహేను మంది నోళ్ల నిండా పిండితో, కళ్లు మాత్రం ఇంతలేసి చేసుకుని, ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ మాట్లాడలేరు. అరవలేరు. చిత్రరథుడి చేయి నడుము దగ్గరికి పోయింది.

శీతలాచార్యులు ఆదరాబాదరా మింగబోయాడు. పొడి పిండి మింగుడుపడుతుందా? గొంతుకు అడ్డం పడింది. ఖళ్లుమని దగ్గాడు. తెల్లని పొగలా పిండి ఎగిసింది. ఆ దగ్గుతో పాటే ఆకాశం నుంచి ఒక్క చరుపు చరిచినట్టు గాలి వచ్చి తెరచాపలను ఫెళ్లున కొట్టింది. ఓడ గుర్రంలా ముందుకు దూకింది. దానయ్య బొక్కబోర్లా పడ్డాడు. మళ్లీ దగ్గు, మళ్లీ దూకుడు!

ఇక చెప్పేదేముంది? పిండిని ఫూఫూ అని ఉమ్మేసి అందరూ మీదికి ఉరికారు. ముసలివాడు వయసుకు తగని వేగంతో గదిలోకి దూకాడు. గంగులు, చిత్రరథుడు, వాళ్ల వెనక నూకాలమ్మ లోపలికి దూసుకువెళ్లారు.

గదిలో పీట మీద కంచు పళ్లెం. అందులో అంచుదాకా సముద్రం. నీళ్లని అనడానికి గంగులుకు నోరు రాలేదు, ఎందుకంటే వాటికి రంగు ఉంది, ముడతలున్నాయి, పైన ఆవగింజంత మబ్బు కూడా ఉంది. నడుమ గోరంత ఓడ. దానికి మూడు తెరచాపలు. మీద చీమల్లాంటి మనుషులు ఒక చిన్న గది వైపు పరిగెత్తుతున్నారు. గోడకు ఆనించిన మందుల పెట్టెను చిత్రరథుడు కాలితో తన్నాడు. అందులోంచి సూదంటురాయి దొర్లి పడింది. అవతల మత్స్యయంత్రంలో ఇనుప చేప చటుక్కున పక్కకు తిరిగి, నాలుగు రోజుల తరువాత మొదటిసారి నిజం చెప్పింది.

“కదలకండి!” ముసలివాడు పళ్లేన్ని రెండు చేతులా ఎత్తాడు. ఎత్తగానే అందరి కాళ్ల కిందా నేల లేచినట్టయింది. “నేను వైద్యుణ్ని కాను, కరాళజిహ్వుల వారి ప్రథమ శిష్యుణ్ని, ధూమకంఠుణ్ని. ఈ పళ్లెం ఉన్నంతసేపూ నా నోటి ఊపిరే మీ ఓడకు గాలి. ఇదిగో ఇంత వంచితే చాలు!”

కొంచెం వంచాడు. నీలవేణి నిశ్చలమైన సముద్రం మీద ఒక పక్కకు ఒరిగిపోయింది. ఉప్పు బస్తాలు దొర్లాయి. పైనుంచి నావికుల కేకలు. చిత్రరథుడు కత్తి దూసి కూడా ముందుకు అడుగు వేయలేకపోయాడు.

“వంచు చూద్దాం!” అన్నాడు గంగులు. అతని బుర్ర చకచకా పనిచేస్తోంది. “నీ గురువుకు మా సెట్టిగారు ప్రాణాలతో కావాలి. ఓడ ముంచితే చేపలకు బలి ఇచ్చినట్టు. వెళ్లి నీ గురువుకు ఏం చెప్పుకుంటావు?”

ధూమకంఠుడు తెల్లబోయాడు. ఆ తెల్లబోయిన క్షణం చాలింది. నూకాలమ్మ రెండంగల్లో వెళ్లి పళ్లెం రెండో అంచు పట్టేసింది. వాడు లాగాడు. ఆమె వదల్లేదు. అలాగని లాగలేదు కూడా, లాగితే ఒలుకుతుంది. వాడు ఎటు జరిగితే అటు జరుగుతూ, ఎంత ఎత్తితే అంత ఎత్తుతూ, గుండుతాడు వేసి వేసి రాటుదేలిన ఆ చేతులు నీటిమట్టం చెదరనివ్వకుండా పట్టుకున్నాయి. ఇద్దరూ అలా గదిలోంచి బయటికి, బయటి నుంచి ఓడ ముక్కు దాకా పోయారు.

అక్కడ ధూమకంఠుడు మంత్రం చదివాడు. గడ్డం ఈకలైంది. చేతులు రెక్కలయ్యాయి. మెడ రెండుగా చీలి, రెండు తలల గండభేరుండ పక్షి ఓడంత నీడ పరుస్తూ లేచింది. దాని కాలిగోళ్లలో పళ్లెం. పళ్లెం రెండో అంచున నూకాలమ్మ. చిత్రరథుడు బాణం సంధించాడు.

“ఎయ్యకండి బాబూ!” పైనుంచి ఆమె కేక. “ఈ పిట్ట పడితే పళ్లెం పడద్ది, పళ్లెం పడితే మీరు పడతారు!”

పక్షి ఇంకా పైకి ఎగిరిపోయింది. ఆమె ఒక మోకాలు దాని కాలికి మెలివేసి, రెండు చేతులూ పళ్లెం కిందికి చాపి, నడిచే మనిషి నెత్తిన కుండను మోసినంత నిలకడగా దాన్ని మోస్తోంది. పక్షి ఒరిగినప్పుడల్లా ఓడ ఒక్కసారి ఉలిక్కిపడేది. మరుక్షణం ఆమె సర్దుకునేది, ఓడ సర్దుకునేది.

“ఒరే గంగులూ!” గొంతు సన్నగా వినిపించింది. “పిట్ట ముక్కుతో ఈడు ఊదనేడు! నల్లదీవి సేరి ఈడు మళ్లీ మనిషయ్యేదాకా ఓడ మీ సేతుల్లోనే ఉంటాది! తెల్ల ఇసక దారి పట్టు! నా కోసం సూడకు, ఎల్లు!”

అప్పుడే మబ్బు చీలింది. దక్షిణాన, మూడామడల దూరంలో, కాలిన ఎముకలా నల్లదీవి శిఖరం కనిపించింది. పక్షి దాని వైపే పోతోంది.

“వెంబడిద్దాం!” అన్నాడు చిత్రరథుడు. అతని కళ్లలో నీళ్లు. “పొద్దున నేను ఆమెను తెప్ప మీద వదిలేయమన్నాను, గంగులూ!”

“వెంబడిస్తే వాళ్లు కోరిన చోటికే పోతాం ప్రభూ. ఆమె మనకిచ్చిన ఒక్క పూటా పోతుంది. అక్కడ రాకుమారి నడుము దాకా రాయి అయి ఉంటుంది. ముందు తీగ. తీగ చేతిలో పడ్డాక, ఆమె దగ్గరికి నేనే తీసుకువెళతాను. నా మాట ఇది.”

గంగులు చుక్కాని పట్టుకున్నాడు. అది బరువుగా ఉంది. నీళ్లు ఎదురు తిరిగాయి, కర్ర అరచేతులను కోసింది, ఈశాన్యపు గాలి ముఖాన ఉప్పు కొట్టింది. దానయ్య బూతులు తిడుతూ తెరచాపలు మార్చాడు. నీలవేణి మూలుగుతూ, ఒక్కో వేలూ ఒక్కో వేలూ తిరిగింది. ఇరవై నాలుగు బారలు. ముప్పై. అరవై. గుండుతాడు ఇప్పుడు దానయ్య వేస్తున్నాడు. మైనానికి అంటిన మట్టిని నాలుక మీద పెట్టుకుని ముఖం చిట్లించి, ఇంకా నలుపే, ఇంకా నలుపే అని అరుస్తున్నాడు. వెనక దక్షిణపు ఆకాశంలో ఆ పక్షి కాకి అంత అయింది, ఈగ అంత అయింది, ఇక కనబడలేదు.

కాని ఓడ ఒరగలేదు. గంగులు వెనక్కి చూడకుండానే అది గమనిస్తూ ఉన్నాడు. ఎదురుగాలికి ఊగుతోంది, అలలకు ఎగురుతోంది, కాని ఒరగడం లేదు.

చదువుతున్న అమ్మలారా, అయ్యలారా! నాగకేసర ద్వీపపు ఒడ్డున ఏం కాచుకుని ఉందో, వెన్నెలతీగను ఎవరు తుంచారో, అవన్నీ చెప్పవలసినవే, చెబుతాను. రాకుమారుణ్ని మీరు మరచిపోయినా నష్టం లేదు, అతని పేరు రాతి మీద చెక్కేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను అడిగేది ఒక్కటే. ఓడ ముందుకు పోతున్నంతసేపూ, అక్కడ మేఘాల మధ్య, డెబ్బై ఏళ్ల చేతులు రెండు చాపి, తిమ్మిరెక్కినా మార్చుకోవడానికి మూడో చెయ్యి లేక నిలిచిపోయిన గుండుతాడు నూకాలమ్మను గుర్తుపెట్టుకోండి.